ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు మారే ఆలోచనలో ఉన్నారా? అయితే కాసేపు రేడియో కట్టేయకండి. ఆ ఆలోచన లేనివాళ్లూ వినండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి మారే రోజు చెప్పి రాదు. ఓనర్ గారబ్బాయికి పెళ్లి కుదురుతుంది, అంతే, మనం అట్టపెట్టెల కోసం కిరాణా కొట్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

నేను పదిహేనేళ్లుగా హైదరాబాద్ తార్నాకలో అద్దెకుంటున్నాను. ఇళ్లు మూడు మారాను గానీ పేట మారలేదు. తార్నాక అనే పేరు వెనక ఒక కథ చెబుతారు. నిజాం కాలంలో ఇక్కడ ఒక తోట ఉండేదట, దాని చుట్టూ తీగ కంచె, ఆ కంచె దగ్గర కాపలా నాకా. తార్, నాకా కలిసి తార్నాకా అయిందట. కంచె ఎప్పుడో పోయింది. ఇప్పుడెవరైనా రావచ్చు. అయితే ఇల్లు దొరకాలి. అదీ తిప్పలు.

ఇక్కడికి ఇన్ని ఊళ్లవాళ్లు ఎందుకొచ్చారంటే, పిలిచినవి చాలా ఉన్నాయి. ఒక పక్క 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ. ఇంకో పక్క సీసీఎంబీ, ఎన్జీఆర్ఐ, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థలు. మెట్టుగూడ వైపు వెళ్తే రైల్వే క్వార్టర్లు, నిజాం రైల్వే నాటి లాలాగూడ వర్క్‌షాప్. చదువు కోసం ఆదిలాబాద్ పిల్లలొస్తారు, ల్యాబుల కోసం బెంగాలీలు, ఒరియావాళ్లు వస్తారు. రైల్వే కోసం ఎప్పుడో వచ్చిన తమిళులు, మలయాళీలు ఇక్కడే రిటైరై ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. సాయంత్రం మా వీధిలో నడుస్తుంటే ఒక కిటికీలోంచి ఆవనూనె వాసన, పక్క కిటికీలోంచి కొబ్బరినూనె వాసన, ఆ పక్కన మన పోపు ఘాటు. నాకు అదంటే ఇష్టం. మా ఆయనకి తుమ్ములొస్తాయి.

2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2019 మార్చికల్లా హైటెక్ సిటీ దాకా వెళ్లింది. తార్నాకలో ఎక్కితే రైలు మారక్కర్లేదు, ముప్పావుగంట అటూ ఇటూగా హైటెక్ సిటీలో దిగొచ్చు. దాంతో ఏమైంది? అద్దెలు పెరిగాయి. ప్రతి టూ-లెట్ బోర్డు కింద 'మెట్రోకి 5 నిమిషాలు' అని రాయడం మొదలుపెట్టారు. ఎవరు నడిస్తే 5 నిమిషాలో రాయరు.

సరే, కథలోకి వస్తాను.

ఆ ఏడాదే, 2019 జులైలో, మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి నా దగ్గరకొచ్చింది. కర్నూలు అమ్మాయి. ముస్లింలు. తండ్రి లేడు. అమ్మని తెచ్చుకుని ఇక్కడే ఉండాలని ఆలోచన. "అక్కా, మీ వైపు ఇల్లు చూసిపెట్టవా" అంది.

అది ఆషాఢం. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు కదా. పాలు పొంగించడానికి ముహూర్తం ఉండదు. అంచేత ఖాళీ అయిన ఇళ్లు ఖాళీగానే ఉంటాయి, ఓనర్లు కాస్త మెత్తబడి ఉంటారు. ముహూర్తాల పట్టింపు లేనివాళ్లకి ఇంతకన్నా మంచి నెల లేదు. ఇది ఊరికే పక్కమాటగా చెప్తున్నాను, పనికొస్తే వాడుకోండి.

శనివారం ఇద్దరం బయల్దేరాం. బోర్డు కనిపించిన చోటల్లా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మొదటి చోట ఇల్లుందన్నారు. పేరడిగారు. చెప్పింది. "ఒక్క నిమిషమమ్మా" అని, లోపలికెళ్లొచ్చి, "మా ఆయన ఎవరికో మాటిచ్చేశారంట" అన్నారు. రెండో చోటా అంతే. మూడో చోట కూడా అలాగే అన్నాక నాకు అనుమానమొచ్చి, పది నిమిషాలాగి నా ఫోన్ నుంచి అదే నంబరుకి చేశాను. ఇల్లు మళ్లీ ఖాళీ అయిపోయింది! "రండమ్మా, సాయంత్రం వచ్చి చూసుకోండి" అన్నారు. ఎంత మందని అడిగారు, ఇంటిపేరడిగారు. ఇంటిపేరు ఎందుకడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అద్దె కట్టేది ఇంటిపేరుతో కాదు గదా.

నాకు కోపం ఆగలేదు. వెళ్లి అడిగేద్దాం పద అన్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వదిలేయక్కా. ముందే తెలిసింది, మంచిదే. అడ్వాన్స్ కట్టినాక తెలిసింటే?"

ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తూ ఉంటుంది. ఇంత పేటలో, ఇన్ని భాషల మధ్య, ఇన్ని వాసనల మధ్య, తలుపు దగ్గరికొచ్చేసరికి ఇదీ సంగతి. ఎవరి ఇల్లు వాళ్లిష్టం అంటారు కొందరు. నిజమే. కానీ ఇల్లు లేదని అబద్ధమాడటం దేనికి?

అప్పటికి ఎండెక్కింది. వేపచెట్టు కింద ఇస్త్రీ బండి కనిపించింది. ఆ నీడలో నిలబడ్డాం. నా బట్టలు ఆయన దగ్గరే ఇస్త్రీకిస్తాను, ఎన్నేళ్లుగానో. బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, "ఏం మేడమ్, ఎండల తిరుగుతున్నరు" అన్నాడు. కిరాయికి ఇల్లు అన్నాను. మేం అద్దె అంటాం, ఆయన కిరాయి అంటాడు, ఓనర్లు రెంట్ అంటారు. ఏ మాటన్నా, ఆలస్యమైతే ఊరుకోరు.

ఇంతలో ఎదురుగా కొత్త అపార్ట్‌మెంట్‌కి వేలాడుతున్న బోర్డు చూపించాను. అందంగా ఉంది, లిఫ్టుంది, మెట్రో కనిపిస్తోంది కూడా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది మస్తుగుంటది మేడమ్. గానీ ఎండకాలంల బోరు ఎండిపోతది. ట్యాంకర్ పైసలు కిరాయిదార్ల మీదనే ఏస్తరు."

మరి ఆ పక్క ఆకుపచ్చ గేటు ఇల్లో?

"నీళ్లు మంచిగున్నయి. అడ్వాన్స్ వాపస్ రాదు. పోయినేడు ఖాళీ చేసినోళ్లు మూడు నెలలు తిరిగిన్రు."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మూడు గంటలుగా తిరిగి మేం తెలుసుకోలేనిది, ఆయన రెండు మాటల్లో చెప్పేశాడు. ఎందుకు తెలీదు చెప్పండి? పొద్దున్నే ప్రతి ఇంటికీ వెళ్లి బట్టలు తెస్తాడు, సాయంత్రం ఇస్తాడు. ఎవరింట్లో నీళ్లు లేవో మూట విప్పితే బట్టలే చెప్తాయి. ఎవరు ఖాళీ చేస్తున్నారో బాకీ తీర్చే రోజున ఆయనకే ముందు తెలుస్తుంది. బ్రోకరుకి ఒక నెల అద్దె ఇస్తాం. ఈయనకి చొక్కాకి ఇచ్చే డబ్బులు తప్ప ఏమీ ఇవ్వం. అందుకే ఆయన మాటలో సొంత లాభం ఉండదు, నిజమే ఉంటుంది.

అప్పుడాయన ఆ అమ్మాయిని చూసి అడిగాడు, "ఎవరెవరు ఉంటరమ్మా?" తను, అమ్మ అంది. కాసేపు ఆలోచించి, ఇంకా బోర్డు పెట్టని ఇల్లొకటి చెప్పాడు. రెండు వీధుల అవతల. కింది పోర్షన్, రెండు గదులు, పాత ఇల్లు. ఓనరు రైల్వేలో రిటైరైన కేరళ ఆయన.

వెళ్లాం. ఆయన లుంగీ కట్టుకుని గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయి ఈసారి ఎవరూ అడక్కముందే పేరు చెప్పేసింది. మాంసం వండుకుంటామని కూడా చెప్పేసింది. ఆయన విననట్టే ఉండి, రైల్వే తెలుగులో ఒకటే ప్రశ్న వేశారు: "మోటారు ఎవరు వేస్తారు?"

మాకర్థం కాలేదు. ఆయన విప్పి చెప్పారు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. హైదరాబాద్‌లో నల్లా నీళ్లు ఏ నదివైనా సరే, మాకు మంజీరా నీళ్లే. తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తాయి, గంట కూడా ఉండవు. నీళ్లు సంపులోకి దిగుతుండగానే మోటారు వేసి పైన ట్యాంకుకి ఎక్కించాలి. మోటారు స్విచ్చి కింది పోర్షన్లోనే ఉంది. కింద ఉన్నవాళ్లు లేవకపోతే పైన బెంగాలీ దంపతులకీ, ఆ పైన పెంట్‌హౌస్‌లో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లకీ ఆ రోజు స్నానాల్లేవు. ఇంతకుముందున్నవాళ్లతో గొడవంతా దీని గురించేనట. వాళ్లు మంచివాళ్లే, నిద్రలేవరు.

ఆ అమ్మాయి నవ్వింది. "అంకుల్, మా అమ్మ రోజూ ఫజర్ నమాజుకి లేస్తాది. మోటారు వేసే నమాజు చేసుకుంటాది."

పెద్దాయన కుర్చీలోంచి లేచి తాళం చెవులు తెచ్చారు. ఇల్లు చూసేలోపే ఇల్లిచ్చేసినట్టే.

నెలకి 12 వేలు. అడ్వాన్స్ రెండు నెలలది, 24 వేలు. మన దగ్గర రెండు మూడు నెలలే మామూలు. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్స్‌గా కట్టినవాళ్లని అడగండి, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకి రెండు నెలలకి మించకూడదని పెట్టారు. అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రానికా రాష్ట్రం చట్టం చేసుకోవాలి. అగ్రిమెంటు 11 నెలలకే రాయడం కూడా మీరు చూసే ఉంటారు. ఏడాది దాటిన లీజుని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, రాష్ట్రాన్ని బట్టి సవరణలూ ఉన్నాయి. ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ ఎందుకని 11 నెలలు. అంతకుమించి చట్టం జోలికి పోను.

ఒక్క మాట మాత్రం చెప్తాను. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం మన ఊళ్లో ఆనవాయితీ. గొడవలన్నీ అక్కడే. ఆ సంగతి నాకు ముందే తగిలిన దెబ్బ కాబట్టి, అగ్రిమెంట్లో ఒక లైను రాయించాను: రంగులకి 6 వేలు మించి పట్టుకోకూడదు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చదివి, "రాయండి, రాయండి, నాకూ గుర్తుంటుంది" అన్నారు. వచ్చేటప్పుడు రాయించుకున్న లైను, వెళ్లేటప్పుడు అక్కరకొస్తుంది. వెళ్లేటప్పుడు ఎవరూ కొత్తగా ఏమీ రాయరు.

ఆ రోజు నుంచి ఎవరైనా ఇల్లు చూడమంటే నేను చెప్పేది ఒకటే. ముందు వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. ఇస్త్రీ బండి లేకపోతే పాలు పోసేవాళ్లని అడగండి, అపార్ట్‌మెంటైతే వాచ్‌మన్ భార్యని అడగండి, వాచ్‌మన్‌ని కాదు. మూడే ప్రశ్నలు. ఎండాకాలంలో నీళ్లెలా? ఇంతకుముందువాళ్లు ఎందుకు వెళ్లారు? వాళ్ల అడ్వాన్స్ వాళ్లకొచ్చిందా? గదులు ఎన్ని అడుగులో తర్వాత కొలుచుకోవచ్చు. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా కూడా తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. రెండు జతలు ఇస్త్రీకి తీసుకెళ్లి అడగండి, ఊరికే అడిగితే బాగోదు.

ఆ తల్లీకూతుళ్లు అక్కడ మూడేళ్లున్నారు. లాక్‌డౌన్ అంతా ఆ ఇంట్లోనే గడిచింది. పై బెంగాలీ ఆవిడ వాళ్ల దగ్గర ఉగ్గాని నేర్చుకుంది, రంజాన్‌కి పెంట్‌హౌస్ కుర్రాళ్లకి సాయంత్రం వంట చేసుకునే పని ఉండేది కాదు. బోనాల రోజు డప్పులకి అమ్మాయి వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి చూసేదట, పెద్దాయనకి వీధి విశేషాలు చెప్పేదట. 2022లో అమ్మాయికి పెళ్లి కుదిరి ఇల్లు ఖాళీ చేశారు. 18 వేలు అదే రోజు చేతికొచ్చాయి.

వెళ్లే ముందు ఆవిడ ఇస్త్రీ బాకీ తీర్చడానికి వేపచెట్టు దగ్గరికెళ్లి, ఇల్లు ఖాళీ అవుతోందని చెప్పింది. పెద్దాయన అటక మీంచి బోర్డు దింపి దుమ్ము దులుపుతున్నారు. గేటు దగ్గర ఒరియా అమ్మాయి ఒకతె నిలబడి ఉంది, ల్యాబులో పీహెచ్‌డీకి చేరిందట. ఆయన ఏమీ అడక్కముందే తనే అంది, వచ్చీరాని తెలుగులో:

"అంకుల్, నీళ్లొచ్చే రోజు నాలుగున్నరకి అలారం పెట్టుకుంటాను."