డ్రైవ్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఫైళ్లు రావట్లేదా? ముందు కాపీ, రిపేరు తర్వాత

[తెర మీద: కాపీ విండో. ఆకుపచ్చ గ్రాఫ్ సగం దాకా వచ్చి నేలకి దిగిపోయింది. వేగం దగ్గర సున్నా.]

కాపీ మొదలైంది, బాగానే పోతోంది అనుకునేలోపు ఆగిపోయింది. లేకపోతే డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయమంది. ఇంకోసారి ఫోల్డర్ తెరవబోతే పర్మిషన్ లేదంది. మూడూ వేర్వేరు జబ్బులు. కానీ వెతికితే దొరికే సలహాలు మాత్రం ఎప్పుడూ అవే: చెక్‌డిస్క్ (డిస్క్ తప్పుల్ని సరిచేసే విండోస్ పనిముట్టు) నడపండి, ఫోల్డర్ ఓనర్‌షిప్ మీ పేరు మీదకి మార్చండి, ఫార్మాట్ కొట్టండి.

ఈ మూడు సలహాల్లో ఉన్న చిక్కు ఏంటంటే, మూడూ డ్రైవ్ మీద రాసేవే. మనకి కావలసింది డ్రైవ్ నుంచి చదవడం. పాత ల్యాప్‌టాప్ పోయిందనుకోండి, ఆ డ్రైవ్‌లో ఉన్నదాన్ని బ్యాకప్ అని అలవాటుగా అంటున్నాం గానీ, అది ఉన్న ఒకే ఒక్క కాపీ. అందుకని ఈ వీడియో అంతటికీ ఒకటే షరతు. ఫైళ్లన్నీ ఇవతలికి వచ్చేదాకా డ్రైవ్ మీద మనంతట మనం ఏదీ రాయం. డ్రైవ్ పెట్టగానే విండోస్ తన లెక్కలు కొన్ని దాని మీద రాసుకుంటుంది, అది వేరే సంగతి. మనం మాత్రం రాయం. కట్-పేస్ట్ కూడా వద్దు, కాపీయే. కట్ అంటే అటువైపు చెరిపేయమని చెప్పడమే కదా.

[తెర మీద: "ఫార్మాట్ చేస్తేనే ఈ డిస్క్ వాడగలరు" అన్న విండోస్ బాక్స్. రెండు బటన్లలో క్యాన్సిల్ చుట్టూ ఎర్ర గీత.]

ముందు ఈ బాక్స్ సంగతి. ఇది చూసి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి విండోస్ చెప్తున్నది "నాకు ఇది చదవడం రావట్లేదు" అని మాత్రమే. డేటా పోయిందని కాదు. క్యాన్సిల్ కొట్టి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ డ్రైవ్ పూర్తి సైజుతో కనిపిస్తుంటే సగం ఊపిరి పీల్చుకోవచ్చు.

డ్రైవ్‌ని మ్యాక్‌లో ఫార్మాట్ చేసి ఉంటే అది మ్యాక్ సొంత ఫార్మాట్లయిన ఏపీఎఫ్ఎస్ లేదా హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో ఉండొచ్చు. విండోస్ వాటిని సొంతంగా చదవలేదు. ఒక మ్యాక్‌కి తగిలించి చూడండి, అంతే. తిరగేస్తే కథ ఇంకా మేలు: విండోస్ సొంత ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని మ్యాక్ చదువుతుంది, రాయడం మాత్రం రాదు. మన షరతుకి అది సరిగ్గా సరిపోతుంది. బిట్‌లాకర్ (డ్రైవ్ మొత్తానికి విండోస్ వేసే తాళం) వేసిన డ్రైవ్ అయితే పాస్‌వర్డ్ లేదా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది, అక్కడ చూడండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ఇనీషియలైజ్" (కొత్త డిస్క్‌లా మొదటినుంచి సిద్ధం చేయనా) అని అడిగితే దానికీ క్యాన్సిలే. "రా" (RAW, అంటే ఏ ఫార్మాటో గుర్తుపట్టలేదని) అని చూపిస్తుంటే ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక, దెబ్బతిని ఉండొచ్చు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

[తెర మీద: రెండు కాపీ గ్రాఫులు పక్కపక్కన. ఎడమది చదునుగా, కుడిది గుంతలు గుంతలుగా.]

ఇప్పుడు వేగం. చాలామంది శాతం అంకె మీదే కళ్లు పెడతారు. ఆ అంకె కన్నా గ్రాఫ్ ఆకారం ఎక్కువ చెప్తుంది. "మోర్ డీటెయిల్స్" నొక్కితే కనిపిస్తుంది.

ఎడమ గ్రాఫ్ చూడండి. సెకనుకి 35, 38 ఎంబీ దగ్గర గీసినట్టు ఉంది. పైకీ పోదు, కిందికీ రాదు. ఇది డ్రైవ్ తప్పు కాదు, దారి ఇరుకు. యూఎస్‌బీ 2 వేగం సెకనుకి 480 మెగాబిట్లు. ఆచరణలో 30 నుంచి 40 ఎంబీ దాటదు. యూఎస్‌బీ 3 అయితే 5 గిగాబిట్లు, అప్పుడు అడ్డం పడేది హార్డ్ డిస్కే తప్ప తీగ కాదు. 500 జీబీ తెచ్చుకోవాలంటే 35 ఎంబీ వేగంతో దాదాపు 4 గంటలు, 120 ఎంబీ వేగంతో 70 నిమిషాలు.

[తెర మీద: డ్రైవ్ సాకెట్ దగ్గరి షాట్. వెడల్పు సాకెట్, మధ్యలో చిన్న అడ్డు. పెద్ద సగంలోకి పాత మైక్రో యూఎస్‌బీ కేబుల్ దూరుతోంది.]

ఇదిగో, ఇక్కడే చాలామంది దొరికిపోతారు. పోర్టబుల్ హార్డ్ డిస్కులకి ఉండే ఈ వెడల్పు సాకెట్‌లో రెండు భాగాలుంటాయి. పాత ఫోన్ చార్జింగ్ కేబుల్ ఆ పెద్ద భాగంలో చక్కగా దూరుతుంది. డ్రైవ్ వెలుగుతుంది, ఫైళ్లు కనిపిస్తాయి, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ నడిచేది యూఎస్‌బీ 2 వేగంతో. సీ టైప్ కేబుళ్లదీ అదే గొడవ. రెండు వైపులా ఒకేలా ఉన్నా లోపల తీగలు వేరు. ఫోన్‌తో వచ్చిన సీ కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2 తీగలే ఉంటాయి. డ్రైవ్‌తో వచ్చిన కేబులే వాడండి.

కుడి గ్రాఫ్ వేరే రకం. లేస్తోంది, పడిపోతోంది. ఫైళ్ల లెక్క వేలల్లో ఉండి ఒక్కోటీ కొన్ని కేబీలే అయితే ఇది మామూలే. ప్రతి ఫైల్‌కీ తెరవడం, మూయడం, యాంటీవైరస్ చూపు, అన్నీ ఉంటాయి. వేచి ఉండటమే మందు. ఇంకో విండోలో రెండో కాపీ మొదలుపెట్టకండి. హార్డ్ డిస్క్ లోపలి హెడ్ అటూ ఇటూ పరిగెత్తి రెండూ నెమ్మదిస్తాయి.

పెద్ద సైజు వీడియో ఒకటే కాపీ అవుతుండగా సున్నాకి పడి, నిమిషం ఆగి, మళ్లీ లేచి, మళ్లీ పడితే మాత్రం జాగ్రత్త. అది డ్రైవ్ చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్న గుర్తు.

డ్రైవ్ తనంతట తనే డిస్కనెక్ట్ అయి మళ్లీ కనెక్ట్ అవుతుంటే ముందు కరెంటు చూడండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 పోర్టు 900. సొంత పవర్ లేని హబ్‌కి తగిలిస్తే ఆ కాస్తనే నలుగురూ పంచుకోవాలి. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. చార్జర్ పెట్టండి, స్లీప్ ఆపేయండి, మూత వేయకండి.

[తెర మీద: ల్యాప్‌టాప్‌లో "దిస్ పీసీ". ఖాళీ స్థలం చూపించే గీత.]

చోటు గురించి రెండు ముక్కలు. 1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది, ఎవరూ దొంగిలించలేదు, లెక్కపెట్టే పద్ధతి తేడా. రెండోది, డెస్క్‌టాప్‌లోకో డాక్యుమెంట్స్‌లోకో కాపీ చేసే ముందు ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో భాగమేమో చూసుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో అలాగే ఉంటుంది. ఉచిత అకౌంట్‌కి ఇచ్చేది 5 జీబీ. మీరు 300 జీబీ ఫొటోలు అందులో పోస్తే అది అప్‌లోడ్ మొదలుపెడుతుంది, తర్వాత నిండిపోయిందని గోల పెడుతుంది. సీ డ్రైవ్‌లో నేరుగా చిన్న పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకోండి.

చిన్న పేరు అన్నది ఊరికే కాదు. విండోస్‌లో ఫైల్ దారి మొత్తం 260 అక్షరాల లోపు ఉండాలన్న పాత నియమం ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌ని ఇంకా వదల్లేదు. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ పెట్టినవాళ్లకి "పాత్ టూ లాంగ్" అని వచ్చేది అందుకే.

[తెర మీద: "ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు ప్రస్తుతం పర్మిషన్ లేదు" బాక్స్. కింద కంటిన్యూ బటన్.]

ఇప్పుడు పర్మిషన్. డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే, పాత ల్యాప్‌టాప్‌లోని మీ యూజర్ గుర్తింపు ఫోల్డర్ మీద ముద్ర పడి ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో మీ పేరు అదే అయినా గుర్తింపు వేరు. ఈ బాక్స్‌లో రాసి ఉన్నది ఒకసారి నిదానంగా చదవండి. కంటిన్యూ నొక్కితే "పర్మనెంట్‌గా" యాక్సెస్ ఇస్తానంటోంది. అంటే లోపలున్న ప్రతి ఫైల్ మీదా కొత్త పర్మిషన్ రాసుకుంటూ పోతుంది. డ్రైవ్ ఆరోగ్యంగా ఉంటే పర్లేదు. అనుమానంగా ఉన్నప్పుడు లక్ష ఫైళ్ల మీద రాయించడం నాకు నచ్చని పని.

రాయకుండానే తెచ్చుకునే దారి ఒకటి విండోస్‌లోనే ఉంది. పేరు రోబోకాపీ.

[తెర మీద: అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్. పూర్తి కమాండ్ కనిపిస్తోంది. చెప్తున్న భాగం పసుపుగా వెలుగుతుంది.]

ముందు రోబోకాపీ అని. తర్వాత కోట్స్‌లో డ్రైవ్‌లోని ఫోల్డర్ దారి, మళ్లీ కోట్స్‌లో ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ దారి. స్లాష్ ఈ అంటే ఖాళీవాటితో సహా లోపలి ఫోల్డర్లన్నీ. స్లాష్ బీ అంటే బ్యాకప్ మోడ్. ఇది పర్మిషన్ ముద్రలని మార్చకుండానే అడ్మినిస్ట్రేటర్ హోదాలో చదువుకుంటుంది. స్లాష్ ఎక్స్‌జే, పాత యూజర్ ఫోల్డర్లలో ఉండే దొంగదారుల్ని (ఇంకో ఫోల్డర్‌కి మళ్లించే లింకుల్ని) వదిలేయడానికి. అది పెట్టకపోతే ఒకే ఫోల్డర్‌లో గుండ్రంగా తిరుగుతూ ఉండొచ్చు.

ఆ తర్వాత వచ్చే రెండూ మర్చిపోకండి: స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. ఒక ఫైల్ రాకపోతే ఎన్నిసార్లు ప్రయత్నించాలి, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి అని. మనం చెప్పకపోతే రోబోకాపీ సొంత లెక్క 10 లక్షల సార్లు, ప్రతిసారికీ 30 సెకన్లు. వేసి చూస్తే ఒక్క పాడైన ఫైల్ దగ్గరే 347 రోజులు. మొండిపట్టు అంటే అదీ. చివర్లో స్లాష్ లాగ్ కోలన్ అని, ల్యాప్‌టాప్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ పేరు. ఏం జరిగిందో అందులో రాసుకుంటుంది.

260 అక్షరాల గొడవ కూడా దీనికి లేదు. ఒకటే జాగ్రత్త, డ్రైవ్ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వకండి, ఫోల్డర్ వారీగా ఇవ్వండి. మొత్తం ఇస్తే గమ్యం ఫోల్డర్ కూడా "హిడెన్" అయిపోయి, కాపీ అయినవన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి.

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ ఫైల్ ఎన్‌క్రిప్షన్ వాడి ఉంటే, తాళం బొమ్మ కనిపించే ఫైళ్లు రోబోకాపీకీ లొంగవు. వాటి తాళంచెవి లాంటి పాత సర్టిఫికెట్ కావాల్సిందే.

[తెర మీద: ఫైల్ పేర్ల జాబితా. ప్రతి పేరు చివరా తేదీ, సమయం.]

ఇలా పేరు చివర తేదీలు కనిపిస్తే అది విండోస్ ఫైల్ హిస్టరీ బ్యాకప్. ఒకే ఫైల్‌కి నాలుగైదు పాత రూపాలుంటాయి. చేత్తో ఏరుకోవడం కన్నా ఫైల్ హిస్టరీలోంచే రీస్టోర్ చేసుకోవడం నయం. టైమ్ మెషీన్ (మ్యాక్ సొంత బ్యాకప్) అయితే మ్యాక్‌లోని మైగ్రేషన్ అసిస్టెంట్‌తో తెచ్చుకోండి. ఒకే పెద్ద వీహెచ్‌డీఎక్స్ ఫైల్ (డిస్క్ మొత్తాన్నీ ఒక ఫైల్‌లో పెట్టినది) ఉంటే ముందు దాన్ని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి, ఆ కాపీని మౌంట్ చేయండి, అంటే ఒక డ్రైవ్‌లా తెరవండి.

[తెర మీద: "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అన్న ఎర్రర్. నేపథ్యంలో డ్రైవ్ టిక్ టిక్ శబ్దం.]

ఇక అసలు భయపడాల్సింది ఇది. సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని వస్తే డ్రైవ్ చదివినది, అక్కడ ఉండాల్సినది సరిపోలడం లేదని. కేబుల్ మార్చి, పోర్టు మార్చి మళ్లీ చూడండి. అదే ఫైల్ దగ్గర అదే ఎర్రర్ అయితే డిస్క్ మీద ఆ చోటు పాడైనట్టే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాధనంలో "కరెంట్ పెండింగ్ సెక్టార్" వరస చూడండి. ఆ వరసలో "రా వాల్యూస్" కింది అంకె సున్నా కాకపోతే, చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న గళ్లు) ఉన్నట్టు.

చెక్‌డిస్క్ నడపమనే సలహా సరిగ్గా ఇక్కడే వినిపిస్తుంది, సరిగ్గా ఇక్కడే నడపకూడదు. అది ఫైల్ సిస్టమ్‌ని పొందికగా చేయడానికి పుట్టింది, మీ ఫైళ్లని కాపాడటానికి కాదు. లెక్క కుదరని ముక్కల్ని "ఫౌండ్ డాట్ 000" అనే ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడేస్తుంది. చెక్‌డిస్క్‌కి స్లాష్ ఆర్ పెడితే డిస్క్ మొత్తం గంటల తరబడి రుద్దుతుంది. చావుబతుకుల్లో ఉన్న డ్రైవ్‌కి అది కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ముందు మీకు ఏవి లేకపోతే కుదరదో అవి తెచ్చుకోండి, చిన్న ఫోల్డర్లుగా. సినిమాలు తర్వాత. అది కూడా సాగకపోతే లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే పనిముట్టు ఉంది. ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ ఇంకో పెద్ద డిస్క్‌లోకి లాగి, మొండి చోట్లని చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. "రా" డ్రైవ్‌కి కూడా ఇదే దారి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని ఆ కాపీ మీదే నడపండి.

పవర్ సరిగ్గా ఇచ్చాక కూడా టిక్, టిక్ అంటూ ఒకే తాళంలో శబ్దం వస్తుంటే తీగ పీకేయండి. "ఇంకొక్కసారి" అని పెట్టకండి. ఫ్రీజర్‌లో పెట్టమనే చిట్కా ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. డేటా విలువైనదైతే రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి.

[తెర మీద: రోబోకాపీ లాగ్ చివరి పట్టిక. "ఫెయిల్డ్" నిలువు వరస మీద జూమ్. ఫైల్స్ పక్కన 3.]

కాపీ అయ్యాక లాగ్ ఫైల్ కిందికి వెళ్లి ఈ పట్టిక చూడండి. ఫెయిల్డ్ కింద సున్నా ఉండాలి. ఇక్కడ 3 ఉంది. లాగ్‌లో "ఎర్రర్" అని వెతికితే ఆ మూడు ఫైళ్ల పేర్లూ దొరుకుతాయి, వాటికోసం విడిగా ప్రయత్నించొచ్చు. ఎక్స్‌ప్లోరర్‌తో కాపీ చేసినవాళ్లు రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ పక్కపక్కన పెట్టి "సైజ్" పోల్చండి. "సైజ్ ఆన్ డిస్క్" వద్దు, రెండు డిస్కుల క్లస్టర్ (ఫైళ్లకి చోటిచ్చే కనీస ముక్క) సైజు వేరైతే అది ఎలాగూ కలవదు.

అన్నీ వచ్చాయనుకున్నాక ఇప్పుడు నడపండి చెక్‌డిస్క్, కావాలంటే. పెండింగ్ సెక్టార్లు చూపించిన డ్రైవ్ అయితే ఆ శ్రమ కూడా ఎందుకు, కొత్తది కొనుక్కుని అందులోకి ఇంకో కాపీ తీయండి. డ్రైవ్ తీసేటప్పుడు ఎజెక్ట్ కొడితే "వాడకంలో ఉంది" అని మొరాయిస్తే, దాని మీద తెరిచి ఉన్న విండోలు, కమాండ్ ప్రాంప్ట్ మూసేయండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, లైట్ ఆరాక తీగ తీయండి.