‘ద ఫుల్ మాంటీ’ మీద ప్రేక్షకుల పేచీ ఎక్కడ?

[తెర మీద: నల్లటి తెర, తెల్ల అక్షరాలు. ఒకదాని తర్వాత ఒకటి: “కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.” “ఇందులో కామెడీ ఎక్కడుంది?”]

వాయిస్: ఈ రెండు మాటలూ ఒకే సినిమా గురించి. 1997లో వచ్చిన బ్రిటిష్ సినిమా ‘ద ఫుల్ మాంటీ’. నిడివి గంటన్నర, అంతే. షెఫీల్డ్ ఊళ్లో పనీపాటా లేక తిరుగుతున్న ఆరుగురు మగవాళ్లు డబ్బు కోసం స్టేజీ మీద బట్టలిప్పడానికి సిద్ధపడటం కథ. చూసినవాళ్లలో కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు పెదవి విరుస్తారు. ఎవరు ఏ సీన్ దగ్గర విడిపోతున్నారో చూద్దాం.

[తెర మీద: అంకెలు మాత్రమే. క్లిప్ వద్దు.]

వాయిస్: ముందు లెక్క. బడ్జెట్ సుమారు 35 లక్షల డాలర్లు. ప్రపంచమంతా కలిపి వసూలైంది 25 కోట్ల డాలర్ల పైనే. బ్రిటన్‌లో ‘జురాసిక్ పార్క్’ వసూళ్ల రికార్డును దాటేసింది. తర్వాత ‘టైటానిక్’ వచ్చి దీన్ని దాటింది. కానీ బ్రిటన్ సినిమా అవార్డులైన బాఫ్టా వాళ్లు ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా ‘టైటానిక్’ని పక్కనపెట్టి దీన్నే ఎంచుకున్నారు. ఆస్కార్‌లో నాలుగు నామినేషన్లు, ఒక అవార్డు. ఆ ఒక్కటీ సంగీతానికి, ఆన్ డడ్లీకి.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. ఇంత పేరు విని, పోస్టర్ మీద వరసగా నిలబడ్డ మగవాళ్లను చూసి, టీవీ ముందు కూర్చునేవాడు ఏం ఆశిస్తాడు? నిమిషానికో జోకు. సినిమా మాత్రం 1970ల మొదట్లో తీసిన ఒక ప్రచార చిత్రంతో తెరుచుకుంటుంది. షెఫీల్డ్ ఎంత వెలిగిపోతోందో, ఉక్కు ఎలా ఉరకలేస్తోందో చెప్పే గొంతు. అది ఆగగానే పాతికేళ్ల తర్వాత అదే ఊరు, మూతపడ్డ అదే రకం మిల్లు. అందులోంచి ఒక ఇనుప దూలం దొంగిలిస్తూ ఇద్దరు మగాళ్లు, గాజ్, అతని స్నేహితుడు డేవ్. వాళ్లతో గాజ్ కొడుకు.

“మొదటి ఇరవై నిమిషాలు సాగదీశారు” అనే ఫిర్యాదు ఈ భాగం గురించే. ఆ మాటతో మేం ఏకీభవించం. ఆ ఇరవై నిమిషాల్లో గాజ్‌కి ఎంత బాకీ ఉందో, ఎవరికి ఉందో చెప్పకపోతే మిగతా గంటకి ఆధారమే లేదు. విడిపోయిన భార్యకు కొడుకు పోషణ ఖర్చు కింద అతను కట్టాల్సింది 700 పౌండ్లు. కట్టకపోతే పిల్లాడిని చూసే హక్కు పోతుంది. బట్టలిప్పే ఆలోచన ఆ బాకీలోంచి పుట్టిందే.

[తెర మీద: పే స్లిప్ బొమ్మ. గంటకు 2.50 పౌండ్లు.]

వాయిస్: చాలామంది అడిగేది ఇంకోటుంది. “మాజీ భార్య మాండీ తన ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తానంది కదా, చేసుకోవచ్చుగా? సోమరిపోతు.” ఆమె ఇస్తానన్నది గంటకు రెండున్నర పౌండ్ల పని. బ్రిటన్‌లో దేశవ్యాప్త కనీస వేతనం వచ్చింది 1999 ఏప్రిల్‌లో, గంటకు 3 పౌండ్ల 60 పెన్నీలతో. అంటే సినిమా వచ్చేనాటికి రెండున్నర పౌండ్లకు పని చేయించుకోవడం చట్టానికి అడ్డం కాదు. 700 పౌండ్ల బాకీకి, తిండీ అద్దే లేవనుకున్నా, 280 గంటలు పని చేయాలి. ఇంత లెక్కా సినిమా నోరు విప్పి చెప్పదు. ఆనాటి బ్రిటిష్ ప్రేక్షకుడికి చెప్పక్కర్లేదు. మనకు తెలియదు కాబట్టి గాజ్ మొండివాడిలా కనిపిస్తాడు. నిజం చెప్పాలంటే కొంత మొండివాడే.

ఇక అందరూ మెచ్చుకునే సీన్. నిరుద్యోగ భృతి కోసం సంతకం పెట్టే ఆఫీసులో క్యూ. రేడియోలో డోనా సమ్మర్ ‘హాట్ స్టఫ్’ మొదలవుతుంది. ఎవరూ మాట్లాడరు. ఒకడి భుజం కదులుతుంది, ఇంకొకడి నడుం. ముఖాలు మాత్రం క్యూలో నిలబడ్డ ముఖాలే. ఆ ముఖాల వల్లే నవ్వొస్తుంది. నవ్వుతూ డాన్స్ చేసి ఉంటే అది మామూలు పాట సీన్ అయిపోయేది. ఈ సీన్ తీయడానికి కావలసింది ఒక గది, ఒక లైను మనుషులు, ఒక పాట. అది నచ్చిందని చెప్పేవాళ్లు దానికి ముందు రిహార్సల్ సీన్‌ని మర్చిపోతుంటారు. వరసలో ముందుకు రావడం ఎంతకీ కుదరదు. డిఫెండర్లంతా ఒకే వరసలో ముందుకు జరిగి ఎదుటి ఆటగాణ్ణి రూలు తప్పేలా చేసే ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు ఆఫ్‌సైడ్ ట్రాప్ లాగే కదా ఇది అని గుర్తు చేసుకోగానే అందరూ ఒక్కసారిగా చేతులెత్తి ముందడుగు వేస్తారు. డాన్స్ భాష రానివాళ్లకి ఆట భాష వచ్చు. సైమన్ బ్యూఫాయ్ స్క్రీన్‌ప్లేలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కి ఆస్కార్ తెచ్చుకున్న రచయిత ఈయనే.

[తెర మీద: పోస్టాఫీసు కౌంటర్, పొదుపు పుస్తకం. స్కెచ్ చాలు. ఇక్కడ నేపథ్య సంగీతం పూర్తిగా ఆపండి.]

వాయిస్: తక్కువగా చర్చకొచ్చేదీ, మా లెక్కలో సినిమాకి గుండెకాయ లాంటిదీ ఇంకో సీన్. క్లబ్ అద్దెకు తీసుకోవాలంటే ముందుగా 100 పౌండ్లు కట్టాలి. గాజ్ దగ్గర లేవు. కొడుకు నేథన్ తన పొదుపు డబ్బు తీసిస్తానంటాడు. తిరిగిచ్చేస్తానన్న తండ్రే మళ్లీ, నా మాట నమ్మొద్దురా అన్నట్టు వెనక్కి తగ్గుతాడు. పిల్లాడు మాత్రం, నువ్వే అన్నావు కదా, నమ్ముతున్నా అంటాడు. ఇక్కడ పాట లేదు, కన్నీళ్లు లేవు. “ఎమోషన్ సరిగ్గా పండలేదు” అని రాసేవాళ్లు ఈ సీన్‌ని ఇంకోసారి చూడాలి.

డేవ్ సంగతి వేరు. లావుగా ఉన్నానన్న సిగ్గుతో షెడ్డులో ఒంటరిగా పొట్టకి ప్లాస్టిక్ రేకు చుట్టుకుని, చాక్లెట్ తింటూ కూర్చుంటాడు. ఇప్పటి ప్రేక్షకుల్లో కొందరు దీన్ని శరీరాన్ని వెక్కిరించడం అంటున్నారు. నవ్వు అతని మీదా, అతని భయం మీదా అన్నదే ప్రశ్న. అతని భార్య జీన్ ఆ రహస్యం తెలుసుకున్నాక, నా డాన్స్ ఎవరు చూస్తారు అని డేవ్ అంటే, నేను చూస్తాను అంటుంది. వెక్కిరింపు ఉద్దేశమైతే ఆ జవాబు అక్కడ ఉండేది కాదు.

ఆడపాత్రల మీద ఉన్న ఫిర్యాదుని మాత్రం కొట్టిపారేయలేం. జీన్‌కి ఆ ఒక్క సీన్ దక్కింది. ఆ ఆరుగురిలో ఇంకొకడు జెరాల్డ్. అతని భార్య లిండాకి, భర్త ఉద్యోగం పోయి ఆరు నెలలైందన్న నిజం జప్తు వాళ్లు గుమ్మంలోకి వచ్చాక తెలుస్తుంది. ఆమె కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం తర్వాత ఆమె ఏమైందో సినిమాకి పట్టదు. మాండీ బతుకు ఎలా గడుస్తోందో కూడా అంతే. మగవాళ్ల పరువు గురించి తీసిన సినిమా కాబట్టి సరే అనుకోవచ్చు, కానీ లోపం లోపమే.

“ఆఖర్న మోసం చేశారు” అనేది బాగా వినబడే ఇంకో మాట. టామ్ జోన్స్ పాట, చేతుల్లో టోపీలు, చివరి టోపీ ఎగరగానే వెనకనుంచి తీసిన ఫ్రేమ్ మీద సినిమా ఆగిపోతుంది. షో తర్వాత ఏమైంది? గాజ్ బాకీ తీరిందా? చెప్పరు. అప్పటికే జెరాల్డ్‌కి ఉద్యోగం దొరికింది, డబ్బు అవసరం లేకపోయినా వచ్చాడు. భయంతో వెనకే ఆగిపోయిన గాజ్‌ని స్టేజీ మీదికి తోసింది కొడుకే. చెప్పాల్సింది అక్కడితో అయిపోయింది. ఇంకో పది నిమిషాలు పెట్టి ఉంటే అప్పుల పద్దు చదివినట్టుండేది.

[తెర మీద: చూసే ముందు]

వాయిస్: యార్క్‌షైర్ యాస, అంటే షెఫీల్డ్ ఉన్న ప్రాంతపు యాస, గట్టిగా ఉంటుంది. లండన్ ఇంగ్లిష్ అలవాటైనవాళ్లు కూడా తడబడతారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. సగం జోకులు నోట్లో నోట్లో అనేసేవే. బ్రిటన్‌లో సర్టిఫికెట్ 15, అంటే పదిహేనేళ్లు నిండినవాళ్లకే. అమెరికాలో ఆర్, అంటే పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లతోనే చూడాలి. బూతులు మొదటి నుంచీ ఉంటాయి. నగ్నత్వం పోస్టర్ భయపెట్టినంత లేదు. ఆరుగురిలో ఒకడైన లాంపర్ అనే కుర్రాడు కారు పొగతో ఆత్మహత్య చేసుకోబోయే సీన్ మొదటి భాగంలోనే వస్తుంది. ఆ వెంటనే అతనూ, గాజూ, డేవూ ముగ్గురూ కొండమీద కూర్చుని చావుల మీద జోకులేసుకుంటారు. కొందరికి సినిమాలో అన్నిటికన్నా నచ్చేది అదే, కొందరు అక్కడే ఆపేస్తారు. ఇంట్లో ఎవరికైనా ఆ విషయం బాధ కలిగిస్తుందనుకుంటే ముందే చెప్పి కూర్చోండి.

2023లో పాత నటులతోనే ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ వచ్చింది. అందులో డాన్సు షో కోసం ఎదురు చూస్తే దొరకదు. ఆసుపత్రి, బడి, ఇల్లు, వయసు మీద పడ్డ అవే ముఖాలు. జెరాల్డ్‌గా చేసిన టామ్ విల్కిన్సన్ ఆ ఏడాది డిసెంబర్‌లోనే చనిపోయారు. సినిమా చూడకుండా సిరీస్‌తో మొదలుపెట్టకండి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడానికి అది పెద్దగా ఆగదు.