దుంపను తవ్వకండి, లేపండి

అందరికీ నమస్కారం. ఇంత పొడుగు ఇనుప వస్తువు చేత్తో పట్టుకుని ఎవరైనా స్టేజీ ఎక్కితే ముందు వరుసలో వాళ్ళకు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. ఏం భయపడకండి, ఇది దుంపలు తీసే ఫోర్క్. నాలుగు పళ్ళు, ఒక కర్ర, పైన పట్టుకోవడానికి పిడి, అంతే. దీని గురించి మాట్లాడమన్నప్పుడు మొదట నాకూ నవ్వొచ్చింది, ఇందులో చెప్పడానికేముంది అని. తీరా రాసుకుందామని కూర్చుంటే నా తప్పులు గుర్తొచ్చాయి, అవే నాలుగు పేజీలయ్యాయి.

బంగాళాదుంపలు మొదటిసారి వేసిన ఏడాది సంగతి చెప్తాను. తీసే రోజుకు నా దగ్గరున్నది పార ఒక్కటే. పైగా ముందురోజు సాయంత్రం కూర్చుని దానికి ఆకురాయితో శుభ్రంగా పదును పెట్టుకున్నాను, పని సులువవుతుందని. మొదటి పోటుకే చప్పుడు వినిపించింది. పచ్చి దుంప తెగే చప్పుడు ఒకసారి వింటే మర్చిపోవడం కష్టం, మట్టి తెగినట్టు పొడిగా ఉండదు, కాస్త తడి కలిసి "కసక్" అంటుంది. పార పైకి తీస్తే అంచు వెంబడి పల్చటి తెల్లటి తడి, అంటే పిండి, దానికి అంటుకున్న మట్టి. సరే, ఒకటి పోయింది కదా అని జరిగి ఇంకోచోట వేశాను, మళ్ళీ కసక్. సాయంత్రానికి బుట్టలో దాదాపు సగం దుంపలు ఏదో ఒక దెబ్బ తిన్నవే. అంతకంటే తెలివితక్కువ పని ఏమిటంటే, తెగినవాటిని విడిగా తీయకుండా అన్నీ ఒకే సంచిలో పోసి మూతి కట్టేశాను. పది రోజులకు వాసన వచ్చింది. సంచి కింద జిగురుగా నీళ్ళు కారి ఉన్నాయి, చెయ్యి పెడితే దుంప దుంపలా లేదు.

ఎంతోకాలంగా దుంపలు పండిస్తున్న ఒక పెద్దాయనకు ఈ గోడు చెప్పుకుంటే ఆయన నన్ను ఓదార్చలేదు సరికదా, "తవ్వావెందుకయ్యా? దుంపను లేపాలి గానీ" అన్నాడు. ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి నాకు ఇంకో రెండు పంటలు పట్టింది.

పలుగూ పారా అని మనం జంటగా అంటాం. రెండూ మట్టితో పోట్లాడేవే, పలుగు పగలగొడుతుంది, పార కోసి ఎత్తుతుంది. పార అంచు ఒక గీతలా ఉంటుంది, ఆ గీత మీద ఏది అడ్డొచ్చినా, రాయైనా వేరైనా దుంపైనా, దాన్ని కోసుకుంటూ పోవడమే దానికి తెలుసు. ఫోర్క్ అలా కాదు. నాలుగు పళ్ళ మధ్య మూడు ఖాళీలున్నాయి చూడండి, దుంపకు తప్పించుకోవడానికి అవే సందులు. పన్ను వెళ్ళి దుంపకు తగిలినా, పదును మరీ ఎక్కువ లేకపోతే, దుంప కాస్త పక్కకు జరుగుతుంది లేదా పన్ను దాని పక్కనుంచి జారిపోతుంది. పైకి లేపినప్పుడు మట్టి సందుల్లోంచి రాలిపోతుంది, దుంప పైన మిగులుతుంది. ఒక్కోసారి పన్ను సూటిగా గుచ్చుకుంటుంది, కాదనను. అలా గుచ్చుకున్న దుంపను ఫోర్క్ మీదనుంచి ఊడదీయడమంత చికాకు పని ఇంకోటి లేదు. అయినా పారతో పోలిస్తే నష్టం చాలా తక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫోర్క్ అని పేరున్నవన్నీ ఒకటి కాదు. ఎరువు, గడ్డి ఎత్తే ఫోర్క్‌కు పళ్ళు సన్నగా, గుండ్రంగా, కాస్త వంపు తిరిగి ఉంటాయి. అది చూడ్డానికి తేలిగ్గా, నాజూగ్గా ఉంటుంది కాబట్టి నేను మొదట కొన్నది అదే, గట్టి నేలలో గుచ్చి వెనక్కి వాలగానే రెండు పళ్ళు రెండు దిక్కులకు తిరిగాయి. మనకు కావలసింది తవ్వకపు ఫోర్క్, పళ్ళు మందంగా, అడ్డంగా కోసి చూస్తే చదరంగా ఉండేది. మామూలుగా పళ్ళు 30 సెంటీమీటర్ల పొడవు, నాలుగూ కలిసి 19 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఇంకా చిన్నది కూడా వస్తుంది, 23 పొడవు, 14 వెడల్పు. ఇరుకు మళ్ళలో పనిచేసేవాళ్ళకు, నడుం నొప్పి ఉన్నవాళ్ళకు అదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పెద్ద ఫోర్క్ నిండా తడిమట్టి లేచినప్పుడు దాని బరువు చేతికి కాదు, నడుముకు తెలుస్తుంది. బంగాళాదుంపలకని ప్రత్యేకంగా చేసినదానికి పళ్ళు పట్టీల్లా వెడల్పుగా, కొనలు మొద్దుగా ఉంటాయి. పళ్ళ కొనలకు చిన్న గుండ్లు ఉండే రకం కూడా ఉంది, అది బీట్ దుంపలను తవ్వడానికి కాదు, తవ్వి కుప్పపోసినవాటిని గాయం కాకుండా ఎత్తడానికి.

ఇప్పుడు అసలు పని. ఈ తొట్టిలో మట్టి పోసి తెచ్చాను, వెనకవాళ్ళు కావాలంటే లేచి నిలబడి చూడండి. ఫోర్క్‌ను మొక్క మొదట్లో పెట్టకూడదు. ఎంత దూరంలో పెట్టాలన్నది పంటను బట్టి. క్యారెట్‌కైతే వరుస పక్కన బెత్తెడు దూరం చాలు, అది సూటిగా కిందికే పోతుంది కాబట్టి. బంగాళాదుంపకు జానెడున్నర, దాని దుంపలు కాండం చుట్టూ పరుచుకుంటాయి. చిలగడదుంపకు మూరెడు, అది ఎక్కడిదాకా పాకిందో దానికే తెలియాలి. పళ్ళను నిలువుగా ఆనించి, మడమతో కాదు, పాదం మధ్య భాగంతో తొక్కండి. పళ్ళు పూర్తిగా దిగాక పిడిని వెనక్కి లాగండి. ఎత్తొద్దు, వెనక్కి లాగండి అంతే. పళ్ళు కింద దుంపల అడుగుకు చేరి ఉంటాయి, ఫోర్క్ మెడ నేల అంచు మీద ఆనుతుంది, మొత్తం ఒక లీవర్ అయిపోతుంది. నేలలో పావు మీటరు, నేల పైన ముప్పావు మీటరు ఉందనుకోండి, మీరు 10 కిలోల బరువుతో పిడిని లాగితే కొన దగ్గర 30 కిలోల మట్టిని లేపేంత బలం పుడుతుంది. లెక్కలో అలా ఉంటుంది, నిజంగా చేస్తే మెత్తటి నేలలో ఆనుడు దగ్గర మట్టి నలిగిపోయి ఫోర్క్ మెడ దిగబడుతుంది, బలం వృథా అవుతుంది. దానికి నేను చేసే పని, మెడ కింద ఒక చెక్కముక్క పడేస్తాను. ఇంతే తేడా, చేసి చూడండి.

మట్టి మీద పగుళ్ళు వస్తాయి చూడండి, ఇదిగో, ఇలా. ఈ పగుళ్ళు రాగానే ఆపేయాలి. చాలామంది ఇక్కడ ఆగరు, మట్టినంతా తిరగేసి పోస్తారు. అవసరం లేదు, మట్టి గుల్లబారింది కదా, ఇక మిగతాది చేతుల పని. క్యారెట్‌ను ఆకులు పట్టుకుని లాగితే ఆకులే చేతికొస్తాయి, వేళ్ళతో కాస్త మట్టి తీసి దాని భుజం పట్టుకుని, కొద్దిగా తిప్పుతూ పైకి తీయాలి.

అన్నట్టు పదును గురించి. మన భాషలో పదును అనే మాట కత్తికీ వాడతాం, నేలకూ వాడతాం. నేల పదును మీద ఉంది అంటే తడి సరిగ్గా ఉందని. దుంపలు తీసే రోజు కావలసిన పదును ఈ రెండోదే. నేను మొదటి ఏడాది చేసింది సరిగ్గా తలకిందులు, ఇనుముకు పదును పెట్టాను, నేల మాత్రం ఎండి రాయిలా ఉంది. ఎండిన నేల గడ్డలు గడ్డలుగా లేస్తుంది, ఆ గడ్డల అంచులు దుంప తోలును గీరేస్తాయి. మరీ తడిస్తే ఇంకో బాధ, బంకమట్టి పళ్ళ సందుల్లో ఇరుక్కుని ఫోర్క్ కాస్తా పార అవుతుంది, దుంపకు అంటిన మట్టి ఊడదు, మన తొక్కుడుకు నేల బిగిసిపోతుంది. గుప్పెడు మట్టి తీసుకుని పిసకండి, ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. అలా విడిపోకపోతే ఆ రోజుకు పని మానుకోవడమే మంచిది. మరీ పొడిగా ఉంటే ఒకటి రెండు రోజుల ముందు తడిపి వదిలేయండి. ఇక పళ్ళ కొనలంటారా, కొత్త ఫోర్క్‌కు అవి మరీ సూదుల్లా ఉంటే నేనైతే ఆకురాయితో రుద్ది మొద్దు చేస్తాను. చూసినవాళ్ళు నవ్వుతారు, పర్లేదు.

ఇది కొత్త తెలివేం కాదు. ఇటలీలో పోజెట్టి వెక్కీ అనే చోట సుమారు 1,71,000 ఏళ్ళ నాటి కర్రలు దొరికాయి, గట్టి బాక్స్‌వుడ్ చెట్టువి, మీటరు పైన పొడవు, ఒక చివర చేతికి నప్పేలా గుండ్రంగా, రెండో చివర మొన. బెరడూ చిన్న కొమ్మలూ తీయడానికి నిప్పు వాడిన గుర్తులు వాటి మీద ఉన్నాయి. నేల తవ్వి దుంపలు, వేర్లు తీయడానికి నియాండర్తల్ మనుషులు వాడిన కర్రలు ఇవేనని పరిశోధకుల అంచనా. ఆఫ్రికా దక్షిణ ప్రాంతాల్లో ఇలాంటి కర్రకు మధ్యలో బెజ్జం ఉన్న గుండ్రాయి తొడిగి బరువు పెంచుకునేవాళ్ళు, అప్పుడు అది తన బరువుతోనే దిగుతుంది. ఫోర్క్ అంటే అలాంటి నాలుగు కర్రలను ఒక పిడికి బిగించడమే కదా అని నాకు అనిపిస్తుంటుంది.

దీనికి ఒక పెద్దన్న కూడా ఉంది, రెండు చేతికర్రలూ వాటి మధ్య అడ్డపట్టీకి వరసగా నాలుగైదు పొడుగు పళ్ళూ ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఆంద్రే గ్రెలిన్ అనే ఆయన 1960లలో దీనికి పేటెంట్ తీసుకున్నారు, ఆయన పేరు మీదే గ్రెలినెట్ అంటారు. అడ్డపట్టీ మీద నిలబడి బరువు వేసి, రెండు కర్రలనూ వెనక్కి లాగడమే, వంగాల్సిన పని లేదు. పొడుగు వరుసల క్యారెట్లకు ఇది హాయి, నాలుగు మొక్కలకైతే దండగ.

కర్రపెండలం సంగతి వేరే. దానికి ఫోర్క్ సరిపోదు, దుంపలు బారుగా, లోతుగా ఉంటాయి. దానికి కాండాన్ని మొదట్లో దవడలా పట్టుకునే కొక్కెం, దానికో పొడుగు కడ్డీ ఉన్న లీవర్ వాడతారు, కడ్డీని పైకెత్తితే చెట్టు మొత్తం వేళ్ళతో సహా లేస్తుంది. ఇందులోనూ కిటుకు అదే, లేపడం. కర్రపెండలానికి గాయమైతే మిగతా దుంపల్లా ఓపిక పట్టదు, ఒకటి నుంచి మూడు రోజుల్లోనే లోపల నీలం, గోధుమ రంగు చారలు పడి పనికిరాకుండా పోతుంది. తీయడానికి రెండు మూడు వారాల ముందే పైన కాండం నరికి మొండెం వదిలేస్తే ఈ పాడవడం నెమ్మదిస్తుంది.

బంగాళాదుంపకు కూడా ఇలాంటి ఓపిక కావాలి. ఆకులు ఎండిపోయాక, లేదా మనమే కోసేశాక, కనీసం పది పద్నాలుగు రోజులు నేలలోనే ఉండనివ్వండి, తోలు గట్టిపడుతుంది. బొటనవేలితో రుద్దితే తోలు జారుతోందంటే ఇంకా టైమ్ ఉంది. తీశాక చిన్న గీతలు పడినవాటికి దుంపే మందు వేసుకుంటుంది, గాయం మీద సుబెరిన్ అనే బెరడులాంటి పొర కట్టుకుంటుంది. దానికి 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం, గాలిలో తేమ, చీకటి, ఒకటి రెండు వారాలు కావాలి. వెలుతురులో పెడితే పచ్చబడి సోలనిన్ అనే విషపదార్థం చేరుతుంది. చిలగడదుంపకు ఇదే వైద్యం వేడిలో జరుగుతుంది, సుమారు 30 డిగ్రీలు, బాగా తేమ, వారం రోజులు. తెగినవాటిని మాత్రం విడిగా పెట్టి ముందు వాడేయండి, నా సంచి కథ విన్నారు కదా.

కొనేటప్పుడు ఏం చూడాలని కొందరు ముందే అడిగారు, త్వరగా చెప్తాను. నాలుగు పళ్ళూ ఒకే ఇనుప ముక్క నుంచి సాగగొట్టినదైతే మంచిది, పన్ను తెచ్చి మెడకు వెల్డింగ్ చేసినదైతే ఆ అతుకు దగ్గరే ఊడుతుంది, నాకు రెండుసార్లు ఊడింది. కర్ర దూరే ఇనుప గొట్టం పొడుగ్గా ఉండాలి, రివెట్ కనిపించాలి. కర్రలో గీతలు పొడుగునా సూటిగా వెళ్ళాలి, అడ్డంగా పక్కకు దిగిపోతుంటే అక్కడే విరుగుతుంది. స్టెయిన్‌లెస్ రకానికి మట్టి అంటుకోదు, తుప్పు పట్టదు, నిజమే. నాకు మాత్రం కార్బన్ స్టీలే ఇష్టం, కాస్త వంగి మళ్ళీ స్ప్రింగులా వెనక్కి వస్తుంది. పన్ను వంకరపోతే దాని మీద ఒక ఇనుప పైపు తొడిగి మెల్లగా లాగండి, సుత్తి జోలికి పోవద్దు. పని అయ్యాక మట్టి గీకి, తుడిచి, నూనె గుడ్డతో ఒకసారి రుద్దితే చాలు. కర్రకు ఏడాదికి ఒకసారి అవిసె నూనె పట్టించండి. నూనె పీల్చిన గుడ్డను ముద్దగా చుట్టి మూలన పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతట అదే అంటుకోగలదు, పరిచి ఆరేయండి.

ఇక నా గొంతు చాలు. బయట క్యారెట్ వరుస ఒకటి ఉంది, నిన్న సాయంత్రమే తడిపి పెట్టాను, ఈపాటికి పదునుకొచ్చి ఉంటుంది. ఫోర్క్‌లు రెండే ఉన్నాయి, కాబట్టి ఇద్దరిద్దరు రండి, చెక్కముక్క మర్చిపోవద్దు, మొదటి క్యారెట్ విరిగినా ఎవరూ ఏమీ అనరు.