ఏపీ 16 ఎక్కింది, ఏపీ 07 ఎక్కలేదు: లైనక్స్‌లో మ్యాక్ అడ్రస్ మార్చడం

నమస్తే అండి. మొన్న గాలివానకి ఇక్కడ విజయవాడ సత్యనారాయణపురంలో పిడుగు పడితే మా డెస్క్‌టాప్‌లో లాన్ కార్డు పోయింది. కంప్యూటర్ బానే ఉంది, కార్డే పోయింది. ఇంట్లో ఒక యూఎస్‌బీ అడాప్టర్ పడుంటే దానికి వైరు గుచ్చా. లైట్లు వెలుగుతున్నాయి, నెట్ మాత్రం రాదు. ఎందుకంటే మాకు నెట్ ఇచ్చే కేబుల్ ఆయన సిస్టమ్‌లో పాత కార్డు మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్ కార్డుకీ ఉండే గుర్తింపు నంబరు, ఆరు జతల అంకెలు) ఎక్కించి ఉంది, ఆ నంబరుతో వస్తేనే లోపలికి రానిస్తుంది. ఫోన్ చేస్తే సోమవారం మారుస్తానన్నాడు, ఆ రోజేమో శుక్రవారం. "పాత నంబరే కొత్త కార్డుకి పెట్టుకోనా?" అంటే, "మీకు వస్తే పెట్టుకోండి" అన్నాడు.

వచ్చు కాబట్టి పెట్టుకున్నా. అదే ఇవాళ చూపిస్తా.

చాలామంది మ్యాక్ అడ్రస్ అంటే కార్డు మీద చెక్కేసిన నంబరు, మారదు అనుకుంటారు. సగమే నిజం. కార్డులో చిన్న మెమరీ చిప్‌లో ఆ నంబరు ఉంటుంది, కంప్యూటర్ లేచినప్పుడు ఆ కార్డుని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ దాన్ని చదివి లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌కి ఇస్తుంది, అక్కడి నుంచి బయటికి పోయే ప్రతి ఫ్రేమ్ (డేటా ముక్క) మీదా వేసేది కెర్నల్ దగ్గరున్న కాపీనే. మనం మార్చేది ఆ కాపీని. చిప్‌లోది అలాగే ఉంటుంది, అందుకే రీబూట్ చేస్తే మళ్లీ పాత కథే.

స్క్రీన్ మీద చూడండి, మూడే కమాండ్లు. సుడో ఐపీ లింక్ సెట్ డెవ్, తర్వాత మీ కార్డు పేరు, చివర డౌన్. రెండోది కూడా అదే, డౌన్ బదులు అడ్రస్ అని కొట్టి కొత్త నంబరు. మూడోది అప్. ముందు డౌన్ చేయకపోతే చాలా డ్రైవర్లు డివైస్ బిజీ అని మొరాయిస్తాయి. కార్డు పేరు ఐపీ లింక్ అని కొడితే తెలుస్తుంది. ఉబుంటులో యూఎస్‌బీ అడాప్టర్ పేరు ఈఎన్‌ఎక్స్ అని మొదలై వెనకాల దాని అసలు మ్యాక్ నంబరే ఉంటుంది, అడ్రస్ మార్చాక కూడా పేరులో పాతదే కనిపిస్తుంది, కంగారు పడకండి. లైనక్స్ కాకుండా దాని లాంటి వేరే సిస్టమ్‌లు వాడేవాళ్లు ఉంటే, ఫ్రీబీఎస్‌డీ వాళ్లకి ఇఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌లో ఈథర్ అనే మాట, ఓపెన్‌బీఎస్‌డీలో ఎల్‌ఎల్‌అడ్రర్. ఓపెన్‌బీఎస్‌డీలో నంబరు బదులు ర్యాండమ్ అని రాస్తే అదే ఒకటి వేసుకుంటుంది, ఆ ముచ్చట నాకు భలే నచ్చుతుంది.

నాకు అసలు టైమ్ తిన్నది కమాండ్ కాదు, కాలిన కార్డు మీద స్టిక్కర్. ఫోన్ టార్చ్ వేసి చూస్తే నాలుగో జతలో ఉన్నది ఎనిమిదో, బీ అక్షరమో అర్థం కాలేదు. ఈ నంబరు రాసే హెక్సా పద్ధతిలో 0 నుంచి 9 దాకా అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ వాడతారు, అందుకే రెండూ కుదురుతాయి మరి! ఎనిమిదితో ఒకసారి, బీతో ఒకసారి. రెండోసారి నెట్ వచ్చింది.

ఇక టైటిల్ సంగతి. పాతది పెట్టేముందు ప్రాక్టీస్‌గా మా బండి నంబరు ఏపీ 16తో మొదలవుతుందిగా, ఆ 16నే మొదటి జతగా కొట్టా. ఎక్కింది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావమరిదికి గొప్పగా చెప్తే, వాడు వాళ్ల 07తో మొదలుపెట్టి పది నిమిషాల్లో ఫోన్. "బావా, నీ కమాండ్ పని చేయట్లా. కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్ అంటోంది." బెజవాడ వాళ్లకే పని చేసే కమాండ్ ఇచ్చావని ఒకటే గోల.

కిటుకు మొదటి జతలో రెండో అంకెలో ఉంది. ఆ అంకెని బైనరీలో, అంటే 0, 1లతోనే రాస్తే చివరి బిట్ (చివరి స్థానం) 1 అయిందంటే అది ఒక కార్డు అడ్రస్ కాదు, గుంపు మొత్తానికి పంపే మల్టీకాస్ట్ అడ్రస్. అది కార్డుకి పెట్టనని కెర్నల్ వెనక్కి కొడుతుంది. 7 అంటే 0111, పోయింది. 2019 నుంచి రాష్ట్రమంతా ఇచ్చిన ఏపీ 39 కూడా అంతే, 9 బేసి. 6 అంటే 0110, చివర సున్నా, దాని పక్క బిట్ 1. ఆ పక్క బిట్ 1 ఉంటే ఇది కంపెనీ ఇచ్చింది కాదు, మనం సొంతంగా పెట్టుకున్నది అని అర్థం. సున్నా అయితే మొదటి మూడు జతలు ఈ నంబర్లు పంచే ఐఈఈఈ సంస్థ ఏదో కంపెనీకి ఇచ్చినవి కావచ్చు, వాటి జోలికెందుకు? కాబట్టి సొంతంగా నంబరు అల్లుకుంటే రెండో అంకె 2, 6, A, E అనే నాలుగిట్లో ఒకటి పెట్టండి. నా 16 ఎక్కింది అదృష్టం కొద్దీ.

ఒక్క జాగ్రత్త. ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరికి ఒకే నంబరు ఉండకూడదు. వైర్లన్నీ కలిపే స్విచ్ ఆ నంబరుని ఆఖరున ఎటు చూసిందో అటే పంపుతుంది, ఇద్దరికీ నెట్ వచ్చీ రానట్టు ఏడుస్తుంది. నా పాత కార్డు ఎలాగూ చచ్చింది కాబట్టి నాకు ఆ బాధ లేదు. రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే గ్నోమ్ (ఉబుంటులో వచ్చే డెస్క్‌టాప్) సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర పళ్లచక్రం బొమ్మ నొక్కి, ఐడెంటిటీలో క్లోన్డ్ అడ్రస్ అనే చోట రాసేయండి. చిప్‌లోని అసలు నంబరు చూడాలంటే ఈథ్‌టూల్ కమాండ్‌కి మైనస్ పెద్ద పీ, తర్వాత కార్డు పేరు.

అన్నట్టు, వైఫైకి మ్యాక్ ఫిల్టర్ పెట్టి (అంటే కొన్ని నంబర్లనే లోపలికి రానిచ్చి) తాళం వేశాననుకునే వాళ్లు ఈ వీడియో రెండుసార్లు చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లే వైఫైలో తమంతట తాము నంబరు మార్చుకుని వస్తున్నాయి.

మా బావమరిది 02తో మొదలుపెట్టాడు, ఎక్కింది. కానీ వాడికి గుంటూరు కోడ్ ఉండాల్సిందేనట. రెండో జతలో పెట్టుకోరా, అక్కడ ఏ రూలూ లేదు అన్నా. ఇప్పుడు వాడిది 02, 07 అని మొదలవుతుంది.