సింగర్ మారితే బ్యాండ్ ఏమవుతుంది? విని తెలుసుకుందాం

నమస్తే అండి. రాక్ బ్యాండ్‌లో సింగర్ మారాడంటే చాలు, పాతోడు గొప్పా కొత్తోడు గొప్పా అని ఫ్యాన్స్ ఏళ్ల తరబడి కొట్టుకుంటూనే ఉంటారు. ఆ గొడవ పక్కన పెట్టి, మనిషి మారాక పాట లోపల ఏం మారిందో ఎలా వినాలో ఇవాళ చూద్దాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

ముందు బ్లాక్ సబ్బాత్. వీడియో ఆపి, 1970 నాటి 'ఐరన్ మ్యాన్' పెట్టండి. టోనీ అయోమీ గిటార్ రిఫ్, అదే, పాటంతా తిరిగి తిరిగి వచ్చే ఆ ముక్క, ముందు దాన్ని బాగా పట్టుకోండి. ఇప్పుడు ఓజీ ఆస్‌బోర్న్ గొంతు వినండి. గిటార్ ఎటు వెళ్తే గొంతూ అటే, దాదాపు అదే ట్యూన్.

1979లో ఓజీని తీసేశారు, రెయిన్‌బో బ్యాండ్‌లో పాడిన రోనీ జేమ్స్ డియో వచ్చాడు. 1980లో వచ్చిన 'హెవెన్ అండ్ హెల్' టైటిల్ పాట వినండి. చరణం మొదలవగానే గిటార్ పక్కకి తప్పుకుంటుంది, కింద గీజర్ బట్లర్ బేస్ గిటార్, అదే, లోతుగా మోగే ఆ గిటార్, నడుస్తూ ఉంటుంది, ఆ ఖాళీలో డియో తన సొంత ట్యూన్ పాడుకుంటూ పోతాడు. అంతకుముందు లిరిక్స్ ఎక్కువగా గీజర్ రాసేవాడు, ఇప్పుడు డియోనే రాసుకున్నాడు. అంటే డియో చేత ఓజీలా పాడించలేదు, పాట కట్టే పద్ధతే మార్చేశారు! నాకు ఈ ఆల్బమ్ ప్రాణం, కారణం ఇదే.

ఏసీ/డీసీ సంగతి వేరు. 1980 ఫిబ్రవరిలో సింగర్ బాన్ స్కాట్ చనిపోయాడు, జులైకల్లా కొత్త సింగర్ బ్రయాన్ జాన్సన్‌తో 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ వచ్చేసింది. రిఫ్‌లు కట్టే అన్నదమ్ములు మాల్కమ్, ఆంగస్ యంగ్ అక్కడే ఉన్నారు కాబట్టి పునాది కదల్లేదు.

ఐరన్ మెయిడెన్‌లో మాత్రం కష్టమైంది. 1993లో సింగర్ బ్రూస్ డికిన్సన్ వెళ్లిపోయాక వచ్చిన బ్లేజ్ బేలీది కింది స్థాయి గొంతు, కానీ స్టేజి ఎక్కితే బ్రూస్ పై స్థాయిలో పాడిన పాత పాటలన్నీ పాడాలి. తప్పంతా బ్లేజ్‌దే అంటే నేను అస్సలు ఒప్పుకోను. 1995లో అతను ఉన్నప్పుడు చేసిన 'సైన్ ఆఫ్ ది క్రాస్' వినండి, తర్వాత అదే పాట 2001లో రియోలో బ్రూస్ పాడిన లైవ్ వినండి. కోరస్ బ్రూస్ దగ్గర బాగా పైకి లేస్తుంది, నిజమే, కానీ మెల్లగా, బరువుగా మొదలయ్యే ఆ ముందు భాగం నాకు బ్లేజ్ గొంతులోనే కావాలి. మీకు ఏది నచ్చిందో, పాటలో ఏ నిమిషం దగ్గర నచ్చిందో కింద రాయండి.