బర్మా వెళ్ళిన బుల్లోడు తాత

నమస్కారం. ఈ పూట మీకు ఒక కుర్రాడి గురించి చెప్పాలని వచ్చాను. నాకు వరసకు తాత అవుతాడు, మా నాయనమ్మకు సొంత తమ్ముడు, రెండో ప్రపంచయుద్ధంలో ఇరవై ఒక్క ఏళ్ళకే బర్మాలో చనిపోయాడు. ఇంట్లో అందరూ బుల్లోడు అనేవాళ్ళట, అందుకే నేనూ బుల్లోడు తాత అనే అంటాను.

మాది గుంటూరు పక్కన పల్లె. వాళ్ళకు రెండెకరాల మెట్ట, దాని మీద అప్పు, ముగ్గురు అన్నదమ్ముల్లో ఈయన ఆఖరివాడు. పట్టాళంలో చేరితే నెలనెలా మనియార్డరు వస్తుందని ఎవరో చెప్పారు, 1943లో ఇంట్లో వాళ్ళు వద్దంటున్నా వినకుండా గుంటూరు స్టేషన్లో గుంతకల్లు బండి ఎక్కి బెంగుళూరు వెళ్ళిపోయాడు. అప్పుడు మా నాన్నకు ఐదేళ్ళు. మేనమామ భుజాల మీద కూర్చుని స్టేషన్ దాకా వెళ్ళడం, బండి కదిలాక నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, ఈ రెండూ ఆయనకు ఇప్పటికీ గుర్తే.

బెంగుళూరులో మద్రాస్ సాపర్స్‌లో తీసుకున్నారు. సాపర్లంటే సైన్యానికి దారి వేసేవాళ్ళు. రోడ్డు వేయాలి, వంతెన కట్టాలి, శత్రువు పాతిన మందుపాతరలు వెతికి తీయాలి, అంటే తుపాకీ పట్టుకున్నవాడి కంటే ముందు నడవాల్సి వచ్చేది చాలాసార్లు. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల తేలే వంతెన కట్టారు, దాని మీదుగానే లారీలూ ఫిరంగులూ బర్మా లోపలికి దిగాయి. ఆ పని చేసినవాళ్ళలో మా తాత ఉన్నాడో లేదో, ఇంటికొచ్చిన ఉత్తరాల్లో అలాంటివి ఉండవు, ఊళ్ళ పేర్లు రాయనిచ్చేవాళ్ళు కాదు. ఉన్నవి రెండే ఉత్తరాలు. ఒకదాంట్లో గేదె ఈనిందా అని అడిగాడు. రెండోదాంట్లో ఇక్కడి అన్నం జిగటగా ఉంటుంది, గోంగూర పచ్చడి తినాలనుంది అని రాశాడు.

1945 మార్చిలో మెయిక్టీలా దగ్గర పోరు జరిగింది. ఆ ఊరు మనవాళ్ళ చేతికి వచ్చాక తిరిగి లాక్కోవాలని జపాను సైన్యం నెలంతా చుట్టుముట్టి కొట్టింది. అక్కడే పోయాడు. ఇంటికి తంతి వచ్చింది, అది ఇంగ్లీషులో ఉంటే చదివించుకోవడానికి బడి పంతులు గారి దగ్గరికి పరిగెత్తారు, ఆయన చదివి, కళ్ళజోడు తీసి, కాసేపు ఏమీ మాట్లాడలేదట. తాతమ్మ మాత్రం కర్మ చేయనివ్వలేదు. శవాన్ని చూడకుండా నా బిడ్డకు పిండం ఎలా పెడతారు అంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ రోజుల్లో మన జిల్లాలో ప్రాణాలిచ్చినవాళ్ళంటే తెనాలి గుర్తొస్తుంది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు నేలకొరిగారు, రణరంగ చౌక్‌లో వాళ్ళ విగ్రహాలున్నాయి, ఉండాలి కూడా. ఆ మరుసటి ఏడాదే మా తాత తెల్లవాడి యూనిఫాం వేసుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివాళ్ళ గురించి ఊళ్ళో గట్టిగా చెప్పుకోవడానికి మావాళ్ళకే మొహమాటం వేసింది. రెండో ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది సైన్యంలో చేరారు, 87 వేల మంది దాకా చనిపోయారు. వాళ్ళలో ఎంతమంది అప్పు తీర్చడానికి వెళ్ళారో, వెళ్ళకపోతే ఇంట్లో ఎంతమంది పస్తులుండేవాళ్ళో ఆలోచిస్తే, నాకు వాళ్ళను తప్పుపట్టడానికి నోరు రాదు. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని చూడండి, ఇంటింటా సైనికులే, మిలటరీ మాధవరం అనే పేరు. ఆ ఊరు తన వాళ్ళను తలుచుకుంటుంది, స్మారకం కట్టుకుంది. మా ఊళ్ళో ఒక్కడే కాబట్టి ఒక్కడే మరుగునపడ్డాడు.

నాయనమ్మ పోయాక ట్రంకు పెట్టెలో ఆ తంతి కాగితం దొరికింది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, దాంట్లో సైన్యం నంబరు ఉంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని ఒక సంస్థ ఉంది, 1917 నుంచి యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధులూ పేర్లూ చూసుకుంటుంది, వాళ్ళ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను మొదట ఇంటిపేరుతో వెతికాను, దొరకలేదు. రకరకాల స్పెల్లింగులతో వెతికాను, అప్పుడూ లేదు. రాసుకున్న గుమాస్తా ఇంటిపేరు వదిలేసి, ఉన్న పేరును తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. చివరికి నంబరు కొడితే వచ్చింది. పేరు, చనిపోయిన తేదీ, ఫలానావారి కుమారుడు, మా ఊరి పేరు, గుంటూరు. మా ఊరి పేరు కూడా తప్పే, కానీ అది మా ఊరేనని చదవగానే తెలిసింది. మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటే ఇంటిపేరు పక్కన పెట్టి, తండ్రి పేరు, ఊరు, నంబరు పట్టుకుని వెతకండి. పాత పెట్టెల్లో కాగితాలు, పతకాలు పారేయకండి, పతకం అంచు మీద కూడా నంబరు ఉండవచ్చు, చూడండి.

రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్ అనే చోట పెద్ద శ్మశానవాటిక ఉంది, దాంట్లో స్తంభాల మీద విడిగా సమాధి లేని దాదాపు 27 వేల మంది పేర్లు చెక్కారు. మా తాత పేరు అక్కడ ఉంది.

తేదీ తెలిసింది కాబట్టి పురోహితుడు గారు పాత పంచాంగం తీసి తిథి కట్టారు. ఆయుధాల వల్ల పోయినవాళ్ళకు మహాలయ పక్షంలో చతుర్దశి కూడా ఉందని చెప్పారు. ఆ రోజున నాన్నను కారులో విజయవాడ తీసుకెళ్ళి కృష్ణలో తర్పణం వదిలించాను. మెట్లు దిగలేకపోతే ఇద్దరం పట్టుకున్నాం.

ఇంటికొచ్చాక ఆ జాబితా ప్రింటు చూపించాను. "ఆ స్తంభం మీద తెలుగులో రాశారంట్రా?" అన్నాడు. లేదు నాన్నా, ఇంగ్లీషులోనే అన్నాను. పెన్ను అడిగాడు. కాగితం వెనక్కి తిప్పి, వణికే చేత్తో మేనమామ పేరు ఇంటిపేరుతో సహా నిండుగా తెలుగులో రాసి, తంతితో పాటు పెట్టెలో పెట్టమన్నాడు.