వరద సెలవుల్లో మరిచిన పాఠం ఎక్కడికి పోతుంది?

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: మనస్తత్వశాస్త్ర ఆచార్యులు ఒకరు, కోనసీమ లంక గ్రామంలో పనిచేసే ఉపాధ్యాయిని ఒకరు.)

సమన్వయకర్త: టీచర్ గారూ, మీ బడికి వరద సెలవులు అలవాటే కదా. తిరిగొచ్చాక పిల్లలు ఎలా ఉంటారు?

ఉపాధ్యాయిని: పోయినసారి పది రోజులు బడి తెరవలేదు. తెరిచాక గదిలో ఒండ్రు కడిగి, బల్లలు ఎండబెట్టి, ఐదో తరగతి వాళ్లను భిన్నాలు అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. చెప్పినదంతా గోదావరిలో కలిసిపోయిందనుకుని మొదటి నుంచీ ఎత్తుకున్నాను. అంతకుముందు వారం రోజులు పట్టిన పాఠం రెండు రోజుల్లో వచ్చేసింది!

ఆచార్యులు: అసలు సంగతి ఆ రెండు రోజుల్లోనే ఉంది. 1885లో జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ ప్రచురించిన పరిశోధన ఇదే. అర్థంలేని అక్షరాల జాబితాలను తానే కంఠస్థం చేసి, కొంతకాలం ఆగి మళ్లీ నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్కవేశాడు. ఒక రోజు తర్వాత దాదాపు 34 శాతం, 31 రోజుల తర్వాత కూడా దాదాపు 21 శాతం తగ్గింది. నోటికి రానంత మాత్రాన పోయినట్లు కాదు. 'అన్నీ మరిచిపోయారు' అని పిల్లలను తిట్టే ముందు...

ఉపాధ్యాయిని: నేను తిట్టాను మాస్టారూ. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సమన్వయకర్త: మరి మళ్లీ మళ్లీ చదివించడమేనా మార్గం?

ఆచార్యులు: కాదండీ. అమెరికాలో రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. కాలేజీ విద్యార్థులకు సూర్యుడి మీద ఒకటి, సముద్రపు నీటికుక్కల మీద ఒకటి, రెండు చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒకదాన్ని రెండుసార్లు చదివించారు. రెండోదాన్ని ఒకసారి చదివించి, కాగితం తీసేసి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినదే మెరుగు: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తారుమారైంది. చదివినది 42 శాతం గుర్తుంటే, రాసి చూసుకున్నది 56 శాతం. పరీక్ష ముందు రాత్రి 'వచ్చేసింది' అనిపిస్తుందే, దాన్ని నమ్మవద్దు. అది కళ్లకు అలవాటు కావడం మాత్రమే.

సమన్వయకర్త: మన పెద్దలు ఒప్పచెప్పించుకునేవారు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి వంటి అవధానులు చివర్లో చేసే ధారణ కూడా ఇలాంటిదేనా?

ఆచార్యులు: దగ్గరి చుట్టమే. ఒక్కో పృచ్ఛకుడికి విడివిడిగా, పాదం పాదంగా చెప్పిన పద్యాలను కాగితం లేకుండా తిరిగి చెప్పాలి. అయితే అవధానికి ఛందస్సు, యతి, ప్రాస పట్టుకొమ్మలు. వెనుక ఏళ్ల సాధన ఉంది. పిల్లవాడికి ఆ కొమ్మ మనం అందించాలి.

ఉపాధ్యాయిని: ఒక్క మాట మాస్టారూ. ఒప్పచెప్పడం అనగానే మా తరానికి బెత్తం గుర్తొస్తుంది. పదమూడో ఎక్కం చెబుతూ ఏడు దగ్గర ఆగిపోయి, చెయ్యి చాపి నిలబడ్డాను. నేటికీ అక్కడే తడబడతాను. ఆ భయాన్ని మాత్రం తిరిగి తేవద్దు.

ఆచార్యులు: పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ ప్రయోగంలో మధ్యలో తప్పొప్పులు కూడా చెప్పలేదు. జ్ఞాపకంలో వెతుక్కోవడమే మేలు చేసింది. పిల్లవాడు తడుముకుంటుంటే మనం ఆగలేక జవాబు అందించేస్తాం. ఆ కాసేపు ఓపిక పట్టాలి.

సమన్వయకర్త: ఇప్పుడు మీరు ఏం చేస్తున్నారు టీచర్ గారూ?

ఉపాధ్యాయిని: రేవులో పడవ ఎక్కాక పుస్తకాలు సంచుల్లోనే ఉంచమంటాను. నిన్నటి పాఠంలో ఒకటి, పోయిన వారం పాఠంలో ఒకటి అడుగుతాను. ఒకరు ఆగితే పక్కవారు అందుకుంటారు. తరగతిలో ఎప్పుడూ పెదవి విప్పని పాప ఒకతి, మొన్న కొబ్బరికాయ పగలగొట్టినట్లు చేతులతో చూపిస్తూ, రెండు చెక్కలు కలిస్తే కాయని, చెక్కలో సగం పావని పడవ నడిపే తాతకు చెప్పింది. ఒడ్డు వచ్చినా ఆయన తాడు కట్టకుండా వింటూ నిలబడ్డాడు.